ఎద్దులదొడ్డి వారి కోడలు

బేబీకి అసూయ అంటే తెలియదని ఆమెను ఎరిగిన వాళ్లంతా చెబుతారు. స్నేహితులు కొత్త కారు కొంటే నిమ్మకాయలు తనే తీసుకెళ్లి టైర్ల కింద పెట్టించి వచ్చే రకం. తోటికోడలు బర్మింగ్‌హామ్‌లో పెద్ద ఇల్లు కొన్నప్పుడు, ఆమెకన్నా ముందు బేబీయే నలుగురికీ ఫోన్లు చేసి చెప్పింది. అలాంటి మనిషికి నలభై దాటాక, నార్తాంప్టన్ శివారు డస్టన్‌లోని తన ఇంటి మేడ మీద, ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉండగా అసూయ పుట్టింది. నగ మీదా కాదు, ఇంటి మీదా కాదు. మాట మీద.

ముందు ఆమె సంగతి కొంచెం చెప్పాలి. పాలకొల్లు దగ్గర పుట్టింది. ఇంట్లో ఆఖరి పిల్ల కాబట్టి ముద్దుగా బేబీ అన్నారు, బళ్లో వేసేటప్పుడు ఇంకో పేరు ఆలోచించడానికి బద్ధకించి అదే రాయించేశారు. ఇక్కడ జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుగా చేరినప్పుడు మేనేజరు అసలు పేరు చెప్పమని మర్యాదగా అడిగింది. ఇదే అసలు పేరని బేబీ అంతకన్నా మర్యాదగా చెప్పింది. ఇప్పుడు ఆ పేటలో ముసలివాళ్లు ఫోన్ చేసి, బేబీ ఉందా అని అడిగి మరీ అపాయింట్‌మెంటు తీసుకుంటారు. ఎవరి మోకాలు ఎప్పటినుంచి నొప్పి, ఎవరి కూతురు ఎందుకు అలిగి రావడం మానేసింది, అన్నీ ఆమె చెవిన పడతాయి. ఎదుటి మనిషి చేత మాట్లాడించడం ఆమెకు ఎవరూ నేర్పని విద్య. ఆ విద్య ఒక్కరి దగ్గరే పారలేదు, ఆ ఒక్కరూ ఆమె మొగుడు.

గణేశ్‌ది ఆదోని వైపు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు ఇంట్లోనే పని. "ఊ", "సరే", "చూద్దాం" అనే మాటలతోనే సంసారం నెట్టుకొచ్చాడు. కోపం లేదు, తాగుడు లేదు, ఒకరి జోలికి పోవడం లేదు. మాట మాత్రం లేదు. అతని తల్లి పెళ్లికి ముందే పోయింది, హాల్లో ఫోటో ఉంది. ఆ ఫోటోలో ఆమె ఎలాంటి మనిషో బేబీకి ఈనాటికీ తెలియదు. అడిగితే, "మంచిదే" అంటాడు. కొత్తలో బేబీ ఏడ్చింది, తర్వాత సణిగింది, ఆ తర్వాత అదే అతని స్వభావమని సరిపెట్టుకుంది. ఆఖరికి దాన్నే గొప్పగా చెప్పుకోవడం కూడా అలవాటు చేసుకుంది. తెలుగువాళ్ల విందుల్లో మగవాళ్లు రాజకీయాలు మాట్లాడుతూ గొంతులు చించుకుంటుంటే, మా ఆయన బెల్లం కొట్టిన రాయండి బాబూ, అని నవ్వేది.

ఆ రోజు కిటికీ కింద నుంచి మగ గొంతు ఒకటి గలగలమని వినిపిస్తుంటే ఎవరో రేడియో పెట్టారనుకుంది. తొంగి చూస్తే అది రేడియో కాదు. తన మొగుడు.

వాళ్ల పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య మనిషెత్తు చెక్క ఫెన్సు ఉంది. ఇటువైపు గణేశ్ మోకాళ్ల మీద కూర్చుని చిక్కుడు పాదుకు మట్టి ఎగదోస్తున్నాడు. అటువైపు, కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చిన డచ్చి ఆవిడ మరైకె కూడా మోకాళ్ల మీదే కూర్చుని కలుపు పీకుతోంది. ఒకరికొకరు కనిపించరు. ఇద్దరి వీపులూ మేడ మీది బేబీకి మాత్రం కనిపిస్తున్నాయి. గణేశ్ ఫెన్సు చెక్కతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, మధ్యమధ్యలో చేతులు కూడా తిప్పుతున్నాడు. అటునుంచి ఏదో ప్రశ్న వచ్చింది. గణేశ్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని బేబీకి ఒళ్లు మండింది.

అన్నాల దగ్గర కదిపి చూసింది.

"పక్కింటావిడతో ఏంటండీ అన్ని కబుర్లు?"

"ఏం లేదులే. మాటల గురించి."

"మాటల గురించి మాటలా?"

"ఊ," అన్నాడు గణేశ్, చారు పోసుకుంటూ.

ఆ తర్వాత బేబీ పడిన అవస్థ అంతా ఇంతా కాదు. వాళ్ల మాటలు మొదలు కాగానే వాషింగ్ మెషీన్ వేసేది. ఏమీ తోచకపోతే పై అరలో డబ్బా అందడం లేదని గణేశ్‌ను లోపలికి పిలిచేది. అతను వచ్చి డబ్బా తీసిచ్చి మళ్లీ ఫెన్సు దగ్గరికే పోయేవాడు. కిటికీ మూసేది, మూసిన రెండు నిమిషాలకు మళ్లీ తెరిచేది. సర్జరీలో ఎవరో పెద్దాయన తన భార్య ఎంత మంచిగా మాట్లాడేదో చెబుతుంటే, జీవితంలో మొదటిసారి అతని మాటకు అడ్డం వచ్చి పుట్టినతేదీ అడిగింది. స్నేహితురాలు పుష్పలీలకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది.

"ఆవిడ వయసెంత?" అంది పుష్పలీల.

"అరవై దాటే ఉంటాయి."

"బావుంటుందా?"

"గెడకర్రలా ఉంటుంది. ఎప్పుడూ ఆ రబ్బరు బూట్లే."

"మరి నీకేంటే బాధ?"

ఆవిడ అందగత్తె అయినా బాగుండేదని బేబీకి నిజంగానే అనిపించింది. అందం మీద అసూయ పడితే లోకానికి అర్థమవుతుంది. మొగుడు ఇంకొకరితో నాలుగు మాటలు మాట్లాడాడని కుళ్లుకుంటున్నానంటే వినేవాళ్లు నవ్వుతారు. ఆ నాలుగు మాటల కోసమే తను ఇన్నేళ్లుగా మొహం వాచి ఉందని ఎవరికి చెబుతుంది?

ఉండబట్టలేక ఒక శనివారం గారెలు వండి, అరడజను డబ్బాలో పెట్టుకుని మరైకె తలుపు కొట్టింది. పలకరింపు వంక, ఆరా తీయడం అసలు పని. మరైకె సంతోషంగా లోపలికి రమ్మంది. గారె నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అంతా బాగానే జరిగేది, తర్వాత ఆవిడ ఆ మాట అనకుండా ఉంటే.

"మీ ఆయన కథలు ఎంత బాగా చెబుతాడు," అంది ఇంగ్లీషులో. "మీరు అదృష్టవంతులు. రోజూ వింటారు."

బేబీ నవ్వు మొహం పెట్టుకుని తల ఊపింది. లోపల మాత్రం ఎవరో నిప్పులు పోసినట్టయింది.

మరైకె బడిలో భాషలు చెప్పి రిటైరైన మనిషి. చెప్పడం మొదలుపెడితే ఆగదు. వాళ్ల కబుర్లు అసలు ఒక మాట దగ్గర మొదలయ్యాయట. తోటను డచ్చిలో టయిన్ అంటారని ఆవిడ ఒకరోజు గణేశ్‌తో అంది. అదే మాట జర్మన్ల దగ్గర త్సౌన్, వాళ్లకు అది తోట కాదు, కంచె. ఇంగ్లీషువాళ్ల దగ్గర టౌన్, వాళ్లకు ఏకంగా ఊరు. వీళ్లందరి ముత్తాతల కాలంలో ఆ మాటకు అర్థం కంచె అట. జర్మన్లు కంచె దగ్గరే ఆగారు. డచ్చివాళ్లు కంచె లోపల ఉన్న తోటను ఆ పేరుతో పిలిచారు. ఇంగ్లీషువాళ్ల కంచెలో ఇళ్లు లేచాయి, ఇళ్లు ఊరయ్యాయి. నార్తాంప్టన్ చివర ఉన్న టన్ అదే. డస్టన్ చివర ఉన్నదీ అదే.

"అది విని మీ ఆయన తవ్వడం ఆపేశాడు," అంది మరైకె. "తర్వాత, మాకూ అలాంటి మాట ఒకటి ఉంది, మా ఊరి పేరు చివర అదే ఉంది అన్నాడు. ముందు పశువులను తోలే కంచె, తర్వాత ఇంటి వెనక జాగా, ఆ తర్వాత ఊరు. అచ్చంగా మాలాగే. ఏమిటది, ఉండండి. డొడ్డీ."

బేబీ ముఖం కందగడ్డలా అయిపోయింది. పాలకొల్లులో దొడ్డికి వెళ్లడమంటే ఒకటే అర్థం. పిల్లలు బళ్లో చిటికెన వేలు ఒక్కటే కాకుండా రెండో వేలు కూడా చూపించి అడిగే పని అది. ఇంటి వెనక జాగానూ దొడ్డే అంటారని, దారితప్పిన పశువులను కట్టే బందెలదొడ్డి అనే మాట ఉందని ఆమెకు తెలియక కాదు. ఆ క్షణంలో మాత్రం, ఇన్నేళ్లు నోరు విప్పని మొగుడు పరాయి ఆడమనిషి దగ్గర నోరు విప్పి ఈ మాట చెప్పాడా అనిపించింది.

"ఆ మాట ఎక్కడా అనకండి," అంది గొంతు తగ్గించి. "అది మంచి మాట కాదు. టాయిలెట్."

మరైకె నమలడం ఆపింది. "టాయిలెట్టా? అతను నన్ను ఆటపట్టించాడా?"

రెండు అర్థాలూ ఉన్నాయని చెప్పడానికి బేబీకి బోలెడంత సమయం ఉంది. ఇంగ్లీషు లేక ఆగిపోయిందా అంటే, రోజంతా ఆమె పనే ఇంగ్లీషులో. "ఏమో, ఆయన్నే అడగండి," అని డబ్బా అక్కడే మరిచి మూత మాత్రం తీసుకుని వచ్చేసింది. అందులో సిగ్గు పావలా వంతు, కడుపుమంట ముప్పావలా వంతు.

మర్నాటి నుంచి ఫెన్సు దగ్గర మాటలు లేవు. ఆ తర్వాతి రోజూ లేవు. గణేశ్ పెరట్లోకి వెళ్లేవాడు, నీళ్లు పోసి వచ్చేవాడు. మరైకె అటువైపు దగ్గితే ఇటువైపు అతను పైపు చుట్టేసి లోపలికి వచ్చేవాడు. మొదట బేబీకి గెలిచినట్టే ఉంది. ఆ వారం రెండు కూరలు చేసింది, అతని పక్కనే కూర్చుంది, సర్జరీలో జరిగిన కబుర్లన్నీ చెప్పింది. అతను "ఊ" అన్నాడు. పక్కింట్లో మానేసిన మాటలు తన ఇంట్లోకి వస్తాయని ఆమె లోలోపల ఆశపడింది కాబోలు. అవి ఎటూ రాలేదు.

కూతురు మనస్విని పదో క్లాసు ఈడు పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఒక సాయంత్రం ఫ్రిజ్ తలుపు పట్టుకుని, "మమ్, డాడ్ వై స్టాప్ చేశారు? మరైకెతో టాకింగ్?" అంది. తల్లి ముచ్చట తీర్చాలని ఆ పిల్ల అప్పుడప్పుడూ రెండు భాషలూ కలిపి ఇలా ఖూనీ చేస్తుంది.

"నాకేం తెలుసు?"

"ఐ యూజ్డ్ టు లిసన్ ఫ్రమ్ మై రూమ్. ఇట్ వాజ్ లవ్లీ. నానమ్మ గురించి అండ్ ఆల్ దట్."

అంటే పిల్ల కూడా వినేసింది. తన అత్తగారి సంగతులు పక్కింటి డచ్చి ఆవిడకు తెలుసు, కిటికీలోంచి విన్న కూతురికి తెలుసు. వాషింగ్ మెషీన్ వేసి కూర్చున్న కోడలికి మాత్రం తెలియవు. ఇప్పుడు కూతురి మీద కూడా అసూయ పుట్టిందని గ్రహించి బేబీకి తన మీద తనకే రోత వేసింది. రోత వేస్తే అసూయ పోతుందా, పోలేదు.

ఆదివారం గణేశ్ వంటింట్లో బియ్యం కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడింది.

"పక్కింటావిడతో మాట్లాడటం మానేశారేంటి?"

"ఏం లేదులే."

"నేనే చెప్పానండి ఆవిడకి. ఆ మాటకి టాయిలెట్ అని అర్థమని."

"తెలుసు. ఆ పొద్దే ఆమె నవ్వుకుంటా వచ్చి అడిగె."

"అందుకు నాతో పోట్లాడరా?"

గణేశ్ బియ్యం నీళ్లు వంపాడు. తర్వాత, ఆమె వైపు చూడకుండానే, బేబీ పెళ్లయ్యాక విన్నవాటిలోకెల్లా పెద్ద మాట ఒకటి మాట్లాడాడు.

"పెండ్లిలో మీ పెదనాయన నన్ను అడిగె, మీది ఏ ఊరు అల్లుడూ అని. ఎద్దులదొడ్డి అని చెప్తి. మీవాళ్లంతా నవ్విరి. వాళ్లు నవ్వితే నాకేం గాలేదు. పక్కకు తిరిగి చూస్తే నువ్వు గూడా నవ్వుతాంటివి. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వితివి. ఆ పొద్దే అనుకుంటి, ఇంగ ఈమె దగ్గర ఊరి మాట ఎత్తగూడదని. ఊరు తీసేస్తే మా అమ్మ గురించి ఏం చెప్పేది, నా గురించి ఏం చెప్పేది? అన్నీ ఆడివే గదా."

కుక్కర్ పెట్టేసి వెళ్లిపోయాడు.

బేబీ ఎంత గింజుకున్నా ఆ నవ్వు గుర్తుకు రాలేదు. పెళ్లిలో చీర రంగు గుర్తుంది, పెదనాన్న లాల్చీ మీద పడిన పెరుగు గుర్తుంది, ఆ నవ్వు లేదు. అతనికి మాత్రం పైట సహా గుర్తుంది. తను మరిచిపోయినంత తేలిగ్గా నవ్విన ఒక నవ్వుకు ఇంత ఖరీదా అని కూలబడింది. మరి మరైకె నవ్వకుండా వింది. అందుకని ఆ కథలన్నీ ఆవిడకు దక్కాయి. న్యాయమే. న్యాయమని తెలిశాక అసూయ ఇంకా ఎక్కువైంది.

అయినా చేసిన తప్పు దిద్దాలి కదా. కుక్కర్ దింపి, ఈసారి గారెలూ డబ్బాలూ ఏమీ లేకుండా పక్కింటికి వెళ్లింది. మరైకె పెరట్లో ఫెన్సు వారగా చిన్న చాప వేసుకుని కలుపు తీస్తోంది. బేబీ నిలబడే చెప్పింది. ఆ రోజు తను సగమే చెప్పానని, ఆ మాటకు గణేశ్ చెప్పిన అర్థాలన్నీ ఉన్నాయని, అతను ఆటపట్టించలేదని.

మరైకె తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "నేను నవ్వుతూ అడిగాను," అంది. "అతని గొంతు అప్పుడే మారిపోయింది. ఎందుకో నాకు తెలియలేదు."

ఎందుకో బేబీకి తెలుసు. చెప్పబోయేంతలో ఇంట్లో మరైకె ఫోన్ మోగింది. హాలండ్ నుంచి చెల్లెలట. కూర్చోమని సైగ చేసి ఆవిడ లోపలికి వెళ్లింది. బేబీ ఆ చాప మీద మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు ఊరుకోక అక్కడున్న చిన్న తాపీ లాంటి పనిముట్టు తీసుకుని మట్టి గీకసాగింది.

అవతల అడుగుల చప్పుడైంది. పైపు కింద పెట్టిన చప్పుడు. ఎవరో నేల మీద కూర్చున్నారు.

"మరైకె," అన్నాడు గణేశ్ ఇంగ్లీషులో, ఫెన్సుకు దగ్గరగా. "ఇన్ని రోజులు రాలేదు, ఏమీ అనుకోవద్దు."

బేబీ చేయి ఆగిపోయింది. ఆ గొంతు ఆమె ఎన్నడూ విననిది. మెల్లగా, తొందర లేకుండా, వినే మనిషి ఎక్కడికీ పోదన్న నమ్మకంతో ఉంది. ఈ గొంతు తనకు ఇన్నేళ్లు ఇవ్వకుండా ఈవిడకు ఇచ్చాడని మళ్లీ భగ్గుమంది.

"నా భార్య చెప్పింది అబద్ధం కాదు," అన్నాడు అతను. "ఆ అర్థం కూడా ఉంది. కాని ఆ రోజు మా అమ్మ గురించి సగంలో ఆపేశాను. మా నాన్న పోయాక దొడ్డి చుట్టూ కంప ఆమె ఒక్కతే ఎలా నాటిందో చెబుతానన్నాను. వినే తీరిక ఉందా ఇప్పుడు?"

ఫెన్సు ఇవతల కూర్చున్నది ఎవరో అతనికి తెలియదు. బేబీ చేయవలసిందల్లా, మరైకెలాగా ఒక చిన్న "ఉమ్" అనడమే. అంటే చాలు, అత్తగారి కథ మొత్తం, ఆ గొంతుతో, మొదటి నుంచి చివరిదాకా వినవచ్చు. తాను నోరు విప్పితే అతను నోరు మూసుకుంటాడు, బహుశా ఇక ఎప్పటికీ. ఎంత ఆశ పుట్టిందో ఆమెకే తెలుసు. మట్టి చేతితో నోరు మూసుకుని కూర్చుంది. కాని ఆ కథ ఇంకొకరి పేరుతో వినాలి. పక్కింటావిడకు వడ్డించిన విస్తరిలో తాను దొంగతనంగా తినాలి. అంతకన్నా ఆ ఆకలే నయం అనిపించింది.

"ఏవండీ," అంది తెలుగులో. "ఇటున్నది నేనండి."

అవతల పైపులోంచి నీళ్లు కారుతున్న శబ్దం మాత్రం వినిపిస్తోంది. అతను లేచి వెళ్లిపోయి ఉంటాడనుకుంది.

"నాకు చెప్పండి," అంది. "ఇంగ్లీషులో వద్దు. మీ ఊళ్లో ఎలా చెప్తారో అలాగే చెప్పండి."

ఫోన్ ముగించుకుని వచ్చిన మరైకె గుమ్మంలో నిలబడి, సంగతి కనిపెట్టి, వచ్చిన దారినే లోపలికి పోయింది.

"నవ్వవు గదా?" అన్నాడు గణేశ్.

బేబీ తల అడ్డంగా ఊపింది. ఫెన్సు అవతల ఉన్న మనిషికి తల ఊపితే తెలియదని కాసేపటికి గాని తట్టలేదు.

"నవ్వనండి," అంది.

అతను గొంతు సవరించుకున్నాడు.

"మా ఎద్దులదొడ్డిలో ఒగ ఎద్దు గూడా లేదు, తెలుసునా?" అన్నాడు. "నేను పెద్దయ్యేపాటికే అందురూ ట్రాక్టర్లు తెచ్చుకునిరి. మా అమ్మ ఏమనేదంటే, ఈ ఊర్లో ఇంగ మిగిలిన ఎద్దులు మొగోళ్లేరా నాయనా, వాళ్లను యాడ కట్టేసేది అని."

బేబీ కింది పెదవిని పళ్లతో నొక్కిపెట్టింది. మాట ఇచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజాలు అదురుతున్నాయి, ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు గనక నవ్వు జారిందంటే ఇక ఈ జన్మకు ఈ మనిషి నోరు విప్పడు. గుప్పెడు మట్టి గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది.

ముందు నవ్వింది అవతలి మనిషే.